చింతచెక్క మీద మామిడి మచ్చ

మా వెనకింటి బావ వాళ్ళ ఊరందరి తరఫునా తొలి మామిడికాయ కోసి పెట్టాల్సిన మనిషి. ఆ పని ఆయన చేతిలోంచి పోయింది. పోగొట్టింది నేను. అదీ కూరగాయలు కోసుకునే ఒక చెక్క దగ్గర. చెబితే నవ్వుతారని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. అది కూడా అబద్ధమే. సిగ్గేసి చెప్పలేదు.

బావ అంటే సొంత బావ కాదు. ఆవపల్లిలో మా పెరటి కంచెకు అవతల ఉండే దోర్ల ఆదివాసీ కుటుంబం వాళ్ళది. ఇంట్లో ఉండేది ఇద్దరే, ఆమె, ఆయన. ఆమెను అక్కా అని, ఆయన్ని బావా అని పిలుస్తాను. వాళ్ళ సొంత ఊరికి వెళ్ళాలంటే బాసగూడ దాటి జగర్గుండా వైపు లోపలికి నడవాలి. అడవిలో తుపాకుల గొడవల రోజుల్లో ఆ ఊరు ఊరంతా ఖాళీ అయింది. అప్పుడు వీళ్ళు రాష్ట్రం సరిహద్దు దాటి చర్ల వైపు వచ్చి మిరపకాయలు ఏరే కూలికి కుదిరారు. ఆ చేలల్లో మా నాన్న చేను ఒకటి. నా పెళ్ళయి, ఇక్కడి సర్కారు బడిలో గురూజీగా పనిచేసే మా ఆయన వెంట నేను ఆవపల్లి వచ్చిన కొన్నేళ్ళకు, వాళ్ళూ వచ్చి మా వెనకే గుడిసె వేసుకున్నారు. మా నాన్న చేలో నడుం వంచిన మనిషి నాకు అక్క ఎలా అవుతుందని మొదట్లో నాకు లోపల కాస్త ముల్లులా ఉండేది. వరస కలిపింది ఆమే. నేను కాదనలేక పలికాను.

వాళ్ళలో కొత్త కాయ ఏదైనా సరే, పండుగ చేసుకున్నాకే నోట్లో పెట్టాలి. చిక్కుడుకాయకు ఒక పండుగ, మామిడికాయకు ఒక పండుగ. మామిడి పండుగ నాడు ఊరంతా ఒకచోట కూర్చుంటే, ఒకే ఒక ఇంటి మగమనిషి తొలికాయ కోసి, దేవతకు, చనిపోయిన పెద్దలకు పెట్టి, ఆ తర్వాత అందరికీ పంచుతాడు. ఆ చెయ్యి బావ వాళ్ళ ఇంటిది. వాళ్ళ తాత కోశాడు, నాన్న కోశాడు. బావ వంతు వచ్చేసరికి ఊరే లేకుండా పోయింది. పరాయి చేలల్లో కూలి చేసుకుంటూ, మా కంచె పక్కన గుడిసెలో కాలం వెళ్ళదీస్తూ ఆయన అరవై దాటాడు. ఈ మధ్యే జనం ఒక్కొక్కరుగా తిరిగి వెళ్ళి ఇళ్ళు లేపుకోవడం మొదలుపెట్టారు. రెండేళ్ళ కిందట, మళ్ళీ సొంత ఊళ్ళోనే మామిడి పండుగ చేద్దామని కబురు వచ్చింది. ఆ కబురు విన్న రోజు బావ సైకిలుకు స్టాండు వెయ్యకుండా వదిలేసి ఇంట్లోకి వెళ్ళిపోయాడట. సైకిలు పడ్డ చప్పుడు కూడా వినలేదని అక్క నవ్వి నవ్వి చెప్పింది.

దానికి ఒకటే నియమం. కాయ కోసే మనిషి ఇంట్లో పండుగ దాకా కొత్త మామిడికాయ తగలకూడదు. నోటికే కాదు, కుండకూ, కత్తికీ, కోసే చెక్కకూ. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఆవపల్లిలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాను, తెలియలేదని తప్పించుకునే దారి నాకు లేదు.

ఇక చెక్క సంగతి. మోకాళ్ళు పట్టేసి కత్తిపీట ముందు కూర్చోలేని రోజులు వచ్చాయి నాకు. నిలబడి కోసుకోవాలంటే గట్టు మీద చెక్క ఉండాలి. మొదట బీజాపుర్‌లో ప్లాస్టిక్‌ది కొన్నాను. తెల్లగా ముచ్చటగా కనిపించింది. రెండు నెలలు తిరిగేసరికి ఒళ్ళంతా పసుపు మరకలు, కత్తిగాట్లు, ఆ గాట్లలోంచి ఎంత తోమినా పోని ఉల్లిపాయ కంపు. దాన్ని అవతల పారేసి, బజారులో చిన్న చిన్న ముక్కలు అతికించి నున్నగా మెరుగుపెట్టిన చెక్క ఒకటి తెచ్చాను. అది నీళ్ళు తాగి అప్పడంలా లేచింది. ఈసారి రాయి తెచ్చుకో, నీ దెబ్బకు అదొక్కటే ఆగుతుంది అని మా ఆయన వెక్కిరించారు. నాకు ఒళ్ళు మండి ఆ పూట కూర వండలేదు.

కంచె అవతల నుంచి బావ ఇదంతా విన్నాడు. చెక్కను చూసి కాదు, చెట్టును చూసి కొనాలి అన్నాడు. మెత్తటి చెక్కయితే కత్తికి పొట్టు లేచి కూరలో పడుతుందట, మరీ గట్టిదయితే కత్తి మొద్దుబారుతుందట. చింత ఒక్కటే కత్తి పదును చెడకుండా, తను పొట్టు రాలకుండా ఉంటుందట. మాంసం కొట్టేవాళ్ళు చింతమొద్దు ఊరికే పెట్టుకోరు కదా అన్నాడు. అన్నవాడు అంతటితో ఊరుకోలేదు. గాలివానకు విరిగిన పాత చింతకొమ్మలోంచి లోపలి ఎర్రటి చేవ భాగం తీసి, గడ్డివాములో పెట్టి ఆరు నెలలు ఆరనిచ్చాడు. తొందరపడి ఎండలో ఆరబెడితే నెర్రెలు బారుతుందట. ఆ తర్వాత బాడిసతో చెక్కి, గాజుపెంకుతో గీకి నున్నగా చేసి తెచ్చి ఇచ్చాడు. అచ్చం అలాంటిదే వాళ్ళింట్లోనూ ఉంది, ఇంకాస్త వెడల్పుగా.

దాన్ని ఎలా చూసుకోవాలో అక్క చెప్పింది. కోసిన వెంటనే కడిగి తుడవాలి, నానబెట్టకూడదు. వారానికోసారి రాళ్ళుప్పు చల్లి రుద్దాలి. గోడకు నిలబెట్టి నీడలో ఆరబెట్టాలి, పడుకోబెడితే కిందివైపు చెమ్మ పట్టి వంకరపోతుంది. పదిహేను రోజులకోసారి ఇప్పగింజల నూనె వెచ్చచేసి పట్టించాలి. ఒకవైపు కూరగాయలకు, ఒకవైపు మాంసానికి, గుర్తు కోసం మూలన చిన్న గాటు. పసిపిల్లను అప్పగిస్తున్నట్టు చెప్పింది. నేను సరే సరే అన్నాను. నాకు ఎవరు చెప్పినా తలకెక్కితే కదా. ఒక రోజు చేపలు కోసి, నీచు వాసన పోతుందని బకెట్లో వేసి మరిచిపోయాను. మర్నాడు చూసుకుని, మార్చి నెల ఎండలో రేకుల మీద పడేశాను. సాయంత్రానికి నడిమధ్యన నిలువునా చీలింది. దాన్ని బియ్యం డ్రమ్ము వెనక దాచేసి, అక్క అడిగితే బాగుంది అని చెప్పాను. అదొక అబద్ధం.

ఆ నెలలోనే చర్ల నుంచి మా వదిన వచ్చింది. మా అన్న భార్య. నేను ఈ అడవిలో పడి ఉన్నానని, ఇక్కడ తినడానికీ ఉడకబెట్టుకోవడానికీ ఏమీ ఉండవని ఆమెకు ఒక నమ్మకం. ఆమె ముందు తక్కువ కాకూడదని నాకు ఒక పిచ్చి. ఆమె దిగేలోపు పరుగున వెళ్ళి అక్కను చెక్క అడిగాను. చుట్టాలు వస్తున్నారు, కోడి కోయాలి, నాది ఆరలేదు అన్నాను. అదింకో అబద్ధం.

అక్క చెక్క తెచ్చి చేతిలో పెట్టి ఒక్క మాట అంది. "దీని మీద కాయ మాత్రం కోయకు. పండుగ ఇంక కాలె."

"నాకు తెల్వదా అక్కా," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే కోయాలని లేదు. అది మాత్రం నిజం.

వదిన సంచీ నిండా పచ్చి మామిడికాయలు తెచ్చింది, మా పుట్టింటి చెట్టువి. కోడి సంగతి తర్వాత, ముందు మామిడికాయ పప్పు చెయ్యి అంది. పొయ్యి గట్టు మీద చెక్క చూసి, ఇంత మంచిది ఎక్కడ దొరికిందని అడిగింది. మాదే అన్నాను. మా చేలో మిరపకాయలు ఏరిన మనిషి దగ్గర అడిగి తెచ్చుకున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మాదే అన్నాక దాని మీద కాయ కోయకుండా ఎలా ఆగుతాను? కత్తిపీట గట్టు కిందే ఉంది. మోకాళ్ళ నొప్పి ఉంటే ఉంది, రెండు నిమిషాలు కింద కూర్చుంటే నా సొమ్మేం పోయేది? వాళ్ళ పండుగ వాళ్ళది, నాకేం పట్టింపు, కడిగితే పోతుంది అని కూడా అనుకున్నాను. ఇనుపకత్తితో టెంక దాకా నరికి రెండు కాయలు ముక్కలు చేశాను. పప్పు బాగా కుదిరింది. వదిన రెండోసారి కూడా వేయించుకుంది.

పులుపూ ఇనుమూ కలిసి చెక్క మీద నల్లగా మచ్చ దిగింది. బూడిదతో తోమాను, నిమ్మచెక్కతో రుద్దాను, ఉప్పుతో రుద్దాను. పలచబడింది కానీ పోలేదు. అప్పుడు నాకొచ్చిన తెలివి చూడండి. ఇప్పనూనె దట్టంగా పట్టించాను. నూనెకు చెక్కంతా నల్లగా తిరిగి మచ్చ అందులో కలిసిపోయింది. మురిసిపోతూ తీసుకెళ్ళి ఇచ్చాను. నూనె కూడా పెట్టినవా అని అక్క నా చెయ్యి పట్టుకుని సంతోషపడింది. ఆ చెయ్యి అప్పుడే విరిగిపోయినా బాగుండేది.

మూడు రోజులకు నూనె ఇంకి మచ్చ పైకి తేలింది. ఆ మూడు రోజులూ వాళ్ళు దాని మీదే కోసుకుని వండుకున్నారు, తిన్నారు. నేను బట్టలు ఆరేస్తుంటే చెక్క కంచె మీద బోర్లించి కనిపించింది. వాళ్ళు దాన్ని ఎప్పుడూ బయట పెట్టరు. ఇంటి ముందు బావ గొంతుక్కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. అక్క గుమ్మంలో నిలబడి ఉంది. అప్పుడే వెళ్ళి కాళ్ళ మీద పడితే సరిపోయేది. తడిబట్టలు పూర్తిగా ఆరేయకుండానే ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను. రెండు రోజులు జ్వరమని చెప్పి బయటికి రాలేదు. ఏ జ్వరమూ లేదు.

పండుగకు అక్క నన్ను పిలిచింది. ఏమీ జరగనట్టే పిలిచింది. దాన్నిబట్టి వాళ్ళు సంగతి లోపలే దాచేసుకున్నారని, బావ ఎలాగో కాయ కోసేస్తాడని నాకు ప్రాణం లేచి వచ్చింది. తెలిసింది వాళ్ళకూ నాకూ మాత్రమే కదా, వాళ్ళు నోరు విప్పరు, నేను విప్పను. బాసగూడ దాకా జీపులో వెళ్ళి, అక్కడ తాలిపేరు వాగు దాటి నడిచాం. బావ ముందు నడిచాడు. కొత్త పంచె కట్టుకున్నాడు. దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. దేవుడి పని కదా, అందుకే అనుకున్నాను.

కూలిన గోడల మధ్య కొత్తగా అలికిన నేల మీద అందరూ కూర్చున్నారు. ముప్ఫై ఇళ్ళ మనుషులు ఉంటారేమో. వాళ్ళ ఊరి పెద్ద, బక్కపలచటి ముసలాయన, లేచి దోర్ల భాషలో అడిగాడు. నాకు దోర్ల మాట్లాడటం సరిగా రాదు గానీ అర్థం కాకపోవడమంటూ లేదు. పండుగ కాకముందు కొత్తకాయ తగిలిన ఇల్లు ఏదన్నా ఉందా అని. అది ఏటా అడిగే మాటేనట. ఎవరూ లేవరట.

బావ లేచాడు. మా ఇంట్లో తగిలింది అన్నాడు. అంతే అన్నాడు. దాచుకోవచ్చు, ఎవరికి తెలుస్తుంది? ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషి, ఒక్క నిమిషం నోరు మూసుకుంటే కత్తి ఆయన చేతికి వచ్చేది. ఆయన అలాంటి మనిషి కాడని నాకు ఆ క్షణం దాకా తట్టలేదు. నేను ఎలాంటిదాన్నో అందరూ అలాంటివాళ్ళే అనుకున్నాను.

ఎవరి చెయ్యి అని పెద్దాయన అడిగాడు. అక్క లేచి నిలబడింది. చెక్క నాది, నేను చూసుకోలేదు అంది. పెద్దాయన మా అందరివైపూ తిరిగాడు. ఇంకెవరైనా చెప్పేది ఉందా అన్నాడు. నేను పక్కన విడిచిన నా చెప్పు ఉంగటం వైపు చూస్తూ కూర్చున్నాను. మళ్ళీ అడిగాడు. మూడోసారి కూడా అడిగాడు, నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి. నేను లేవలేదు. ఊళ్ళోవాళ్ళ మధ్యలో పరాయిదాన్ని, నా మాట ఎవరికి కావాలి అని ఆ కాస్త సేపట్లోనే ఒక సాకు కూడా వెతుక్కున్నాను.

తొలికాయ వేరే ఇంటి మనిషి కోశాడు. నలభై ఏళ్ళు కూడా ఉండవు అతనికి. అలవాటు లేక కత్తి జారింది, రెండోసారి కోయాల్సి వచ్చింది. నా వెనక ఆడవాళ్ళు అక్కను చూసి నవ్వుకున్నారు. ఈ వయసులో పులుపు మీద అంత ఆశ ఏమిటి, నాలుగు రోజులు ఆగలేకపోయిందా అని. అక్క తల కొంగు సర్దుకుని ముందుకే చూస్తూ కూర్చుంది. పంచేటప్పుడు బావ వంతు చివరికి వచ్చింది. రెండు చేతులూ చాచి తీసుకున్నాడు. నాకు ముక్క అందలేదని చూసి, తన ముక్క సగం విరిచి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని తిన్నాను. తినకుండా ఉండే ధైర్యం కూడా లేకపోయింది.

తర్వాత ఏడాదంతా నాకు నేను ఒకటే చెప్పుకున్నాను. పోయింది ఒక్క పండుగే, వచ్చే ఏడు బావే కోస్తాడు, అప్పుడు వెళ్ళి నిమ్మళంగా చెప్పేద్దాం. అక్కకు చీర పెట్టాను, తీసుకుంది. పచ్చడి చేస్తే గిన్నెడు పంపాను, తీసుకుంది. ఎప్పటిలాగే కంచె దగ్గర నిలబడి కబుర్లు చెప్పింది. ఒక్క మాట తేడా లేదు. నేను చెక్క అడగలేదు, ఆమె ఇస్తాననలేదు. నా చీలిన చెక్కకే ఇనుపతీగ చుట్టి దాని మీదే కోసుకున్నాను. చీలికలో చిక్కిన ఆకుకూర పీకేటప్పుడల్లా నన్ను నేను తిట్టుకునేదాన్ని. తిట్టుకోవడం తేలిక. ఇరవై అడుగులు నడిచి ఆ గుమ్మం ఎక్కడమే చేతకాలేదు.

కిందటి ఏడు మళ్ళీ పండుగకు వెళ్ళాను. ఈసారి బావ చేత్తో కోసిన ముక్క తిని, సాయంత్రం ఇద్దరి ముందూ నిజం చెప్పేయాలని గట్టిగా అనుకుని వెళ్ళాను. పెద్దాయన అడిగాడు, ఎవరూ లేవలేదు. కత్తి మాత్రం మళ్ళీ ఆ రెండో మనిషి చేతికే వెళ్ళింది. ఈసారి జారలేదు, చక్కగా కోశాడు. బావ మగవాళ్ళ వరసలో ఎక్కడో వెనక, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు తాలిపేరు దగ్గర అక్కా నేనూ నీళ్ళలో కాళ్ళు కడుక్కోవడానికి ఆగాం. బావ అప్పటికే అవతలి ఒడ్డుకు చేరాడు. ఈ ఏడు కూడా బావ ఎందుకు కోయలేదని అడిగాను.

"చెయ్యి మారింది గద," అంది అక్క. "ఒకసారి మారితే మారినట్టే. ఇగ ఆళ్ళింటిదే. ఆళ్ళ కొడుకులది, మనవలది."

ఆ రోజు మామిడికాయ కోసింది నేనే అక్కా అన్నాను. ఏడాది పాటు నోట్లో ఉన్న మాట అంత చిన్నదని అన్నాకే తెలిసింది. ఎరుకే అంది ఆమె, పాదాలు రుద్దుకుంటూ. ఎరుకయితే నా పేరు ఎందుకు చెప్పలేదు, నన్ను పట్టుకుని నలుగురిలో దులిపేస్తే ఏం పోయేది అని ఆమె మీదే గొంతు లేపాను. ఏం మనిషినో నేను, ఆ సమయంలో కూడా నాకు కోపమే వచ్చింది.

అక్కకు కోపం రాలేదు. నాకు వాళ్ళ పద్ధతి విడమరిచి చెప్పింది. వాళ్ళలో ఎవరి తప్పు వాళ్ళ నోటితోనే చెప్పుకోవాలి. ఇంకొకరి పేరు ఇంకొకరు ఎత్తకూడదు. బయటివాళ్ళ చేత్తో జరిగిందని ఆ బయటివాళ్ళే లేచి చెబితే, ఆ ఇంటికి ఏమీ అంటదు. నాలుగు నీళ్ళు జల్లి, ఒక కోడిని కోసి, కత్తి ఆ ఇంటి మనిషికే ఇస్తారు. ఎవరూ చెప్పకపోతే అది ఇంటి ఆడమనిషి చేసిందే అవుతుంది. ఇంటికే అంటుకుంటుంది.

అంటే బావ చేతిలోంచి కత్తి పోయింది పప్పు కోసం నేను కాయ కోసినందుకు కాదు. కోసిందానికి మందు ఉంది. నేను లేచి రెండు మాటలు అని ఉంటే, ఆ పూటే బావ కత్తి పట్టుకునేవాడు.

"పెద్దాయన మూడుమాట్ల అడిగిండు. అట్ల ఎప్పుడడగడు, ఒక్కపాలే అడుగుతడు," అంది అక్క. "నీ కోసమే అడిగిండు. నువ్వు లేస్తవని నేను నీ దిక్కే చూసిన."

నా చెప్పు వైపు చూస్తూ కూర్చున్నదాన్ని, ఎవరు ఎటు చూశారో నాకేం తెలుసు. అవతలి ఒడ్డున బావ మా కోసం ఆగి నిలబడి ఉన్నాడు. ఆయనకు కూడా తెలుసా అని అడిగాను.

అక్క గంప నెత్తికెత్తుకుంది.

"మీ బావ గూడ నీ దిక్కే చూసిండు."